గంప కింది నల్లపెట్ట

చీకటుండగా గూడు తలుపు తియ్యకూడదు,
పిల్లి ఇంకా గోడమీదే ఉంటుంది.
కాశీనగర్ మొదటి బస్సు హారను వినబడ్డాక తీస్తాను.
ముందు పుంజు, దాని వెనక కౌజురంగు పెట్ట,
ఆఖరున, ఎప్పుడూ ఆఖరునే,
కుంటుకుంటూ బొల్లిది.
తొమ్మిది.
అప్పుడు చీపురు పట్టుకుంటాను.

నిరుడు ఈ చీపురు లేదు.
గూడంటే నాలుగు పెంకులూ ఒక తుప్పు రేకూ.
లోపలేముందో నా ముక్కుకి తెలుసు,
నాకే తెలీదు.
రోహిణీ కార్తెలో ఒక్క వారం:
ఆకుపచ్చ రెట్ట, వాలిన రెక్కలు,
మెడలు మెలితిరిగి ఆకాశాన్ని చూస్తూ
పదకొండు కోళ్ళు.
"దిష్టి" అన్నాడు మా ఆయన.
"అమ్మోరు" అంది మా అత్త దాలమ్మ.
వెనక వాడ సొంబారి మాత్రం
గూట్లో తల పెట్టి, వెంటనే తీసి,
మూరెడు దూరం ఉమ్మి
"ఇందులో నువ్వు పడుకుంటావేటి, ఒక్క రాత్రి?" అంది.

సొంబారి సవరామె.
తెలుగు సగం, ఒడియా సగం,
కోపం మాత్రం పూర్తిగా తన భాషలోనే.
వాళ్ళ గూడు నాలుగు గుంజల మీద
జొన్నచేను మంచెలా నిలబడుంటుంది.
వెదురు బద్దల నేల, వేలు దూరేంత సందు.
రెట్ట కిందికి జారిపోతే
ఆనపపాదు దాన్ని కాయ చేసుకుంటుంది.
వాళ్ళాయనచేత మాకూ ఒకటి కట్టించింది.
కూలి రెండు కుంచాల చోళ్ళు,
తిట్లు ఉచితం.

నీళ్ళ మూకుడు అడుగున వేలు పెడితే
జిగురు తగలకూడదట.
ఇన్నేళ్ళూ అన్నంకుండ తోమిన చేతులకి
ఆ మూకుడెందుకు గుర్తు రాలేదో!
పొయ్యిబూడిద ఇప్పుడు పారబొయ్యను.
చింతనీడలో గుంట తీసి పోస్తే
పెట్టలు అందులో పొర్లుతాయి,
ఒక రెక్క విప్పి, కళ్ళు అరమోడ్చి,
నలుగు పెట్టించుకునే పెళ్ళికూతుళ్ళలాగ.
పేలు అక్కడే రాలిపోతాయి.
ప్రాణిమిత్ర కుర్రాడు బిరంచి
సైకిలు మీద మంచు ఫ్లాస్కు తెస్తాడు.
కంట్లో ఒక్క చుక్క.
మొదట్లో వాణ్ణి గుమ్మంలోనే తిట్టిన మా అత్త
ఇప్పుడు తనే కోడిని ఒడిసి పట్టుకుంటుంది,
చంటిబిడ్డకి ఆముదం పట్టే పట్టు.

మాఘంలో సంతనుంచి నల్లపెట్టని తెచ్చాను.
కాటుకలో ముంచి ఆరేసినట్టుండేది.
ఇల్లు చేరకముందే మా చిన్నది
దానికి నేరేడని పేరు పెట్టేసింది.
"విడిగా" అంది సొంబారి,
పది వేళ్ళు చూపించి, మళ్ళీ నాలుగు చూపించి.
పెరటికి అటు చివర, గాలి ఇటు కొట్టని వైపు
గంప కింద పెట్టాను.
దాని మూకుడు వేరు, దాని నూకలు వేరు,
అటు వెళ్ళిన కాళ్ళు కడుక్కునే ఇటు రావాలి.
రాత్రిళ్ళు సన్నగా మూలిగేది.
"దానికి భయమేస్తందే అమ్మా, ఒక్కర్తీ ఉంది"
చిన్నదాని ఏడుపు.
మూడో రాత్రి గంప మీద చెయ్యి వేశాను కూడా.
నిగనిగలాడుతోంది కదా, ఏమవుతుందిలే అని.
సొంబారి ఉమ్మి గుర్తొచ్చింది.
చెయ్యి తీసేశాను.

ఆరో రోజు మెడ వాల్చింది.
ఏడో రోజు లేదు.

మోకాలిలోతు గొయ్యి, పైన సున్నం,
కుక్కలు తవ్వకుండా రేగుకంప.
చిన్నది రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
ఆ రాత్రి గంప ఎత్తివుంటే ఏమయ్యేదో
నేనూ చెప్పలేదు.
నల్లటి ఈక ఒకటి దాని పుస్తకంలో ఉందేమోనని
నిద్రపోయాక వెతికాను.
ఉంది. చిమటాతో తీసి పొయ్యిలో వేశాను.
ఇది మాత్రం ఎవరికీ చెప్పకండి.

గంపని మరిగిన నీళ్ళతో కడిగి
ఎండలో బోర్లించాను.
వంశధార గాలికి నాలుగు రోజులుగా ఆరుతోంది.
బొల్లిది కుంటుకుంటూ వచ్చి
దానిమీదికి ఎక్కబోతుంటే
హుష్ అన్నాను.
ఇప్పుడే కాదే తల్లీ,
ఇంకో పది ఎండలు.